పొగగది ఎటండీ?

బస్టాండులో అందరూ ఆమెను మైకమ్మ అనేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో కండక్టరు సరదాకు అన్న మాట, పోనుపోను అసలు పేరును మింగేసింది. ముప్పయ్యేళ్ళకు పైగా ఆమె చేసిన పని ఒక్కటే. అగ్గిపెట్టెలాంటి గదిలో, గీతలు పడ్డ అద్దం వెనక కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది బయలుదేరబోతోందో మైకులో చెప్పడం. ఆమెది పెద్ద గొంతేం కాదు. కానీ మాటకూ మాటకూ మధ్య ఎంత ఎడం ఇవ్వాలో, అంత రొదలో ఏ అక్షరం మునిగిపోతుందో ఆమెకు తెలుసు.

అది అక్క పెట్టిన భిక్ష. అక్క బడిపంతులమ్మ. చిన్నప్పుడు చెల్లెల్ని వరండాలో నిలబెట్టి, తను పెరటి చివరికి పోయి నిలబడి పాఠం చదివించేది. "వినపడలేదు, మళ్ళీ!" అనేది. చెల్లెలు గొంతు చించుకుంటే ఒప్పుకునేది కాదు. "అరవకే. పలుకు," అనేది. అమ్మ పోయాక జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన పడుకున్నదీ, ఉద్యోగం దరఖాస్తు పెట్టించిందీ అక్కే.

ఆ అక్కకు గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఉండదు.

"ఆపరేషనుకు ముందు ఒక్క పూటైనా వచ్చి నా ఎదురుగా కూర్చోవే," అంది అక్క ఫోన్లో. అప్పటికే గొంతు బొంగురుపోయి, గరుకు గచ్చు మీద కుర్చీ జరిపినట్టుంది. "కడుపునిండా నిన్ను తిట్టాలి. ఫోన్లో తిడితే తిట్టినట్టుండదు."

నవ్వుతూనే అంది. ఇవతల మైకమ్మ మాత్రం ఫోను పెట్టేసి అటక మీంచి పెట్టె దింపింది.

అక్క ఉండేది దూరాన ఉన్న నగరంలో, కొడుకు దగ్గర. రైల్లో అయితే రోజులు పడతాయి. విమానంలో అయితే మధ్యలో ఒకచోట దిగి ఇంకోటి ఎక్కాలి. మైకమ్మ ఒక్కతే వెళ్తానంది. "విమానాశ్రయమంటే నీ బస్టాండనుకున్నావా, తప్పిపోతావు," అని మొగుడు తనకూ టిక్కెట్టు తీయించుకున్నాడు.

ఆయన కరెంటాఫీసులో మీటర్ల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరు ఊరంతా ఆయన్ని మీటరు బాబాయి అంటుంది. మీటరు చూడ్డానికి వెళ్ళిన ప్రతి ఇంటి అరుగు మీదా కూర్చుని, ఒక సిగరెట్టు కాల్చి, రెండు జోకులు చెప్పి, అక్కడి పిల్లల్ని నవ్వించి గానీ కదిలేవాడు కాదు. ఆయన్ని ఇష్టపడనివాళ్ళు లేరు. "ఎంత సరదా మనిషమ్మా మీ ఆయన, అదృష్టవంతురాలివి," అని ఆడవాళ్ళందరూ మైకమ్మతో అనేవాళ్ళు. ఆమె అవునన్నట్టు నవ్వేది. ఆ సరదా అంతా అరుగుల మీదే ఖర్చయిపోయి, ఇంటికొచ్చేసరికి ఏమీ మిగిలేది కాదని ఎవరితో చెప్పుకుంటుంది?

మొదటి విమానం సవ్యంగానే దిగింది. ఆ విమానాశ్రయం ఎంత పెద్దదంటే, గోడ ఎక్కడుందో కళ్ళు చికిలించుకుని వెతుక్కోవాలి. నేల మీద మన మొహం మనకు కనిపించేంత నునుపు. రెండో విమానం ఎక్కాల్సిన గేటు వెతుక్కుని, కుర్చీల్లో కూలబడేసరికి మధ్యాహ్నమైంది. ఇంకా చాలా వ్యవధి ఉంది.

ఆయన కుదురుగా కూర్చుంటేగా! తెల్లవారి ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కాల్చిందే ఆఖరు. తనిఖీ దగ్గర లైటరు లాగేసుకున్నారని ఒకటే సణుగుడు. కాలు ఊపుతాడు, జేబు తడుముకుంటాడు, లేస్తాడు, కూర్చుంటాడు.

"ఎక్కడో ఒక గది ఉంటుందోయ్, ఇలాంటివాళ్ళ కోసం. ఒక్కటి పీల్చుకుని వచ్చేస్తా."

"పాసులూ కార్డులూ ఇచ్చి వెళ్ళండి," అంది మైకమ్మ.

"నీ సంచిలో పడిందేదైనా మళ్ళీ బయటికొచ్చిందా? నా జేబులో ఉంటే భద్రంగా ఉంటాయి. ఇదిగో, ఫోను మాత్రం చార్జింగు పెట్టు," అని ఫోను ఆమె ఒళ్ళో పడేసి, చొక్కా జేబులో సిగరెట్టు పెట్టె వెనక బోర్డింగు పాసుల్నీ గుర్తింపు కార్డుల్నీ ఒకసారి తట్టి చూపించి వెళ్ళిపోయాడు.

ఆమె రెండు చక్రాల పెట్టెల్నీ మోకాళ్ళ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇది ఆమెకు కొత్తేం కాదు. ఎక్కడికి వెళ్ళినా సామాన్ల దగ్గర ఆమె, సామాన్లకు దూరంగా ఆయన. సినిమాకెళ్తే విశ్రాంతిలో పోయిన మనిషి కథ సగమయ్యాక వచ్చి, ఏం జరిగిందని చెవిలో అడిగేవాడు. ఆమె తండ్రి పోయిన రోజు, ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెట్టడానికి మగమనిషి కావాలంటే, ఆయన ప్రహరీ బయట ఎవరో అంబులెన్సు డ్రైవరుతో పొగ పంచుకుంటూ కబుర్లు చెబుతున్నాడు. ఆమే సంతకం పెట్టింది. మానేస్తానని ఆయన వేసిన ఒట్లు లెక్కపెట్టడం ఆమె ఎప్పుడో మానేసింది.

గేటు దగ్గర అమ్మాయి మైకు అందుకుంది. విమానం ఎక్కడం మొదలైందని చెప్పింది. మైకమ్మ అటూ ఇటూ చూసింది. ఆయన జాడ లేదు. వరసలో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి జారిపోతున్నారు. అలవాటు చొప్పున ఆయనకు ఫోను కలిపింది. తన సంచిలోనే గణగణమని మోగింది. పక్క కుర్చీలో ఆసామి తిరిగి చూశాడు. సిగ్గుతో చచ్చినంత పనై కట్ చేసింది.

వరస పలచబడింది. ఆమె లేచి, పెట్టెలు రెండూ ఈడ్చుకుంటూ గేటు అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, మా పాసులు మా ఆయన దగ్గరున్నాయి. ఇప్పుడే వస్తారు. నన్ను లోపలికి పంపించు తల్లీ, ఆయన వెనకాల వస్తారు."

"పాసూ కార్డూ లేకుండా ఎలా పంపిస్తానండీ?"

"పోనీ కాసేపు ఆపించు."

"నా చేతుల్లో లేదండీ," అందా అమ్మాయి. మర్యాదగానే అంది.

మైకమ్మ ఇంకేం అడగకుండా పెట్టెలు వెనక్కి తిప్పింది. ఎందుకంటే ఆ మాట ఆమెదే. సంచులతో, చంకలో పిల్లలతో ఆయాసపడుతూ వచ్చి, అద్దం మీద కొట్టి, బస్సు ఆపమని బతిమాలుకున్నవాళ్ళకి ఆమె అన్నేళ్ళూ చెప్పిన జవాబదే. "నా చేతుల్లో లేదమ్మా." అవతలివాళ్ళ చెవికి అది ఎలా వినపడుతుందో ఇప్పుడు తెలిసింది.

ఇక వెతకడమే. సమాచార కౌంటరు కనిపిస్తే ఆగి, "పొగగది ఎటండీ?" అని అడిగింది.

అక్కడి కుర్రవాడు తలెత్తి ఆమె నెరిసిన జుట్టునీ, చేతిలో పెట్టెల్నీ చూశాడు. "ఎవరికి, మీకా అమ్మా?"

"నాకే," అంది విసుగ్గా. "చెబుతావా?"

చెప్పాడు. ఆ వరస చివర్లో, మందుల దుకాణం దాటాక. అక్కడికి పోయి చూస్తే తలుపుకు అడ్డంగా పసుపుపచ్చ టేపు, లోపల నిచ్చెన మీద ఒక మనిషి, పైకప్పులోంచి వేలాడుతున్న తీగలు. మరమ్మతులట. నేల తుడుస్తున్న ఆమె, మైకమ్మ మొహం చూసి తానే చెప్పింది. "పైన కాఫీ దుకాణం వెనక ఇంకోటుందమ్మా. ఇందాకట్నుంచి అందరూ అటే పోతున్నారు."

ఎస్కలేటరు మీద రెండు పెట్టెలతో ఎక్కడం ఆమె వల్ల కాలేదు. లిఫ్టు కోసం నిలబడితే అది ఎంతకీ దిగదు. పైకి చేరేసరికి మోకాళ్ళు సలుపుతున్నాయి. కాఫీ దుకాణం వెనక నిజంగానే ఒక అద్దాల గది ఉంది. కానీ దాని ముందు నడుముకి గుడ్డ కట్టుకున్న కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు.

"కాఫీ కొన్నవాళ్ళకేనండీ లోపలికి."

"నాకు కాఫీ వద్దు, పొగా వద్దు నాయనా. మా ఆయన కావాలి. తెల్ల చొక్కా, బట్టతల, నోరు ఊరుకోదు."

కుర్రాడికి నవ్వొచ్చింది. "ఆయనా! వచ్చారండీ. కాఫీ కొంటేనే అంటే, నీ కాఫీ కన్నా మా ఇంటి చేదుమందు నయం అని నన్ను ఏడిపించి పోయారు. అవతలి భవనంలో ఉచితంగా ఉంది, అటు పంపించాను. ఆ వంతెన దాటి కుడిచేతి వైపు."

అవతలి భవనం! పక్క వీధి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. వంతెన మీద మనుషుల్ని మోసుకుపోయే కదిలే పట్టీ ఉంది గానీ, దాని మీద నిలబడాలంటే ఆమెకు కళ్ళు తిరిగాయి. పక్కనే నడిచింది. పట్టీ మీద నిలుచున్నవాళ్ళు కాలు కదపకుండానే ఆమెను దాటుకుని పోతున్నారు.

సగం దూరం పోయిందో లేదో, పైనుంచి తన పేరు వినపడింది. ముందు ఆయన పేరు, తర్వాత ఆమెది. పలికిన అమ్మాయి ఆమె పేరును మధ్యకి విరిచి, రెండో సగం మింగేసింది. అయినా అది తన పేరేనని తెలిసింది. బస్టాండులో మింగబడి ఇన్నేళ్ళకు బయటపడ్డ పేరు, ఇలా బయటపడింది. కాసేపటికి మళ్ళీ పిలిచారు. ఈసారి గొంతులో తేడా ఉంది. వచ్చినా రాకపోయినా ఇక మాకు పట్టింపు లేదనే తేడా. ఆ తేడా ఎవరికీ తెలియకపోవచ్చు, మైకమ్మకు తెలుస్తుంది. ఆమె పరిగెత్తింది. ఆ వయసులో, చీర కాళ్ళకు అడ్డం పడుతుంటే, రెండు పెట్టెలు గడగడా వెనక దొర్లుతుంటే, నలుగురూ చూస్తుంటే పరిగెత్తింది.

ఆ గది దూరం నుంచే కనిపించింది. నాలుగువైపులా అద్దాలు. లోపల నీలిపొగ, బూడిద రాల్చే నిలువు గొట్టాల చుట్టూ గుంపులుగా మనుషులు. మధ్యలో ఆయన. చుట్టూ ఐదారుగురు, ఎవరో ఏమో, ఆయనకేసే చూస్తున్నారు. ఆయన ఎడమచేతిలో సిగరెట్టు కాలుతోంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి నోటి ముందు పెట్టుకున్నాడు, మైకులాగా. మెడ నిటారుగా పెట్టి, కళ్ళు సగం మూసి, పెదాలు సాగదీసి ఏదో పలుకుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతున్నారు.

అద్దంలోంచి ఒక్క ముక్క వినపడలేదు. వినాల్సిన అవసరమూ లేదు. ఆయన తననే అభినయిస్తున్నాడు. అరుగుల మీద ఈ విద్య ప్రదర్శిస్తాడని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. "మా ఇంట్లో కూర మాడినా మైకులోనే చెబుతారండీ" అంటాడని పక్కింటావిడ ఒకసారి నోరు జారింది. కళ్ళారా చూడ్డం మాత్రం ఇదే మొదలు.

తలుపు తోసింది. వేడిపొగ ముఖాన కొట్టింది. లోపల ఫ్యాను రొద తప్ప బయటి పిలుపేదీ వినపడే వీలే లేదు.

"ఇదిగో, ఈవిడే!" అన్నాడాయన ముఖం వెలిగిపోతూ. "మాటల్లోనే వచ్చేసింది! నిండు నూరేళ్ళు!"

"విమానం పోతోంది," అంది మైకమ్మ.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన గడియారం చూసుకున్నాడు. "అరెరె," అని, చేతిలో సిగరెట్టు ఆర్పేముందు ఇంకో దమ్ము లాగాడు. ఆ దమ్మును ఆమె తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకుంది. మిగతావన్నీ క్షమించగలిగినా దాన్ని క్షమించలేకపోయింది.

తిరిగి గేటు దగ్గరికి చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆ అమ్మాయి ఒక్కతే కంప్యూటరు సర్దుకుంటోంది. పెద్ద అద్దంలోంచి విమానం కనిపిస్తూనే ఉంది, చెయ్యి చాస్తే అందేలా. తలుపు మాత్రం మూసేశారు. ఆయన ఆ అమ్మాయిని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. దబాయించబోయాడు. ఆమె బెదరలేదు. వాళ్ళిద్దరూ అలా ఉండగానే విమానం మెల్లగా వెనక్కి జరిగింది.

ఆయన పెళ్ళాం వైపు తిరిగాడు. "కాస్త ముందుగా లేచి రావాల్సింది నువ్వు. పిలుస్తున్నారని తెలిసి కూడా కూర్చుంటావా?"

మైకమ్మ పెట్టెలు ఈడ్చుకుంటూ ముందు నడిచింది.

టిక్కెట్ల కౌంటరులో నడివయసు మనిషి తెర చూస్తూ చెప్పాడు. సాయంత్రం విమానం పూర్తిగా నిండిపోయింది. రేపు పొద్దున్న మొదటిదాంట్లో ఒక్క సీటుంది. మధ్యాహ్నం దాంట్లో అయితే రెండూ దొరుకుతాయి. ఆపరేషనూ రేపు పొద్దున్నే. ఏది ఎక్కినా అప్పటికి అక్క మాట పోయి ఉంటుంది.

మైకమ్మ పక్కకి పోయి, స్తంభం చాటున నిలబడి ఫోను కలిపింది.

"బయల్దేరారటే?" అంది అక్క. ఒక్కో మాటకీ మధ్య గాలి ఈలలా పోతోంది.

"లేదక్కా. ఈ పూట రాలేం. రేపే."

అటువైపు ఆసుపత్రిలో ఎవరో గిన్నె పడేసిన చప్పుడు.

"రేపు పొద్దున్నే తీసుకుపోతారంటనే నన్ను."

"తెలుసక్కా."

"ఏమైంది? మరిదిగారు ఎక్కడన్నా కబుర్లలో పడ్డారా?"

అక్కకు ఆయన సంగతి తెలుసు. తెలిసినా ఆయనంటే ఇష్టం. అందరిలాగే. మైకమ్మ తలతిప్పి చూసింది. ఆయన కౌంటరుకు మోచెయ్యి ఆనించి, ఆ నడివయసు మనిషితో అప్పుడే వరస కలిపేస్తున్నాడు. నిజం నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు వచ్చిందో, అన్నిసార్లూ వెనక్కి నెట్టినట్టే ఈసారీ నెట్టింది. మొగుడి పరువు కాపాడ్డం ఆమెకు ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది.

"అబ్బే, ఆయనేం చేశారక్కా? విమానమే. ఏదో మరమ్మతని ఆపేశారు."

"నిజంగా?"

"నిజంగా."

"ఒట్టు?" అంది అక్క. చిన్నప్పుడు బలపం విరిగినా, మామిడికాయ మాయమైనా ఇలాగే అడిగేది. "నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు," అంది మైకమ్మ.

"సరేలే, విమానం చెడితే నువ్వేం చేస్తావు పిచ్చిదానా," అని అక్క నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. మధ్యలో పైనుంచి ఇంకెవరి పేర్లో, ఇంకేవో గేట్లో పెద్దగా వినపడి, అక్క చెప్పిన మాటొకటి దాంట్లో మునిగిపోయింది. "ఏంటక్కా? వినపడలేదు, మళ్ళీ," అంది మైకమ్మ. ఈలోగా ఫోను కొడుకు తీసుకున్నాడు. "పిన్నీ, అమ్మని ఎక్కువ మాట్లాడించొద్దన్నారు. మీరు జాగ్రత్తగా రండి," అని పెట్టేశాడు.

అంతే. అదే ఆఖరు.

ఆమె కౌంటరు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెబుతున్నాడు. "మధ్యాహ్నం దాంట్లో రెండూ వేసెయ్యండి సార్, ఇద్దరం కలిసే పోతాం." ఆమెను చూసి, "ఎలాగూ ఆపరేషను టైముకి అందుకోలేం కదా. ఫోన్లో మాట్లాడావుగా, ఇంకేముంది? పొద్దున్నైతేనేం, మధ్యాహ్నమైతేనేం," అన్నాడు.

కోపంగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. నిజంగానే అలా అనుకుని అన్నాడు.

మైకమ్మ చెయ్యి చాపింది. "నా కార్డు ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి."

ఆయన జేబులోంచి తీసిచ్చాడు. దానికి సిగరెట్టు పొడుము అంటుకుని ఉంది. చీర కొంగుతో తుడిచి కౌంటరు మీద పెట్టింది. "పొద్దున విమానంలో ఆ ఒక్క సీటు నాకు వెయ్యండి. ఆయనకు మధ్యాహ్నం వెయ్యండి."

"నన్ను ఒక్కణ్ణి వదిలేసి పోతావా?" అన్నాడాయన. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆమె మాటల్ని హాస్యంగా తీసుకోవాలో లేదో తేలక.

"తప్పిపోరులెండి," అందామె.

ఆ రాత్రి కుర్చీల్లో ఒకరికొకరు ఎడంగా కూర్చునే గడిచింది.

ఆమె వెళ్ళేసరికి అక్క ఆపరేషను గదిలోనే ఉంది. బయటికి తెచ్చినప్పుడు మత్తులో ఉంది. మెడ మీద రంధ్రం, దాంట్లో గొట్టం. ముక్కులోంచి ఇంకో గొట్టం. ఊపిరి ముక్కున కాకుండా మెడలోంచి వచ్చిపోతుంటే, ఆ చప్పుడు విని మైకమ్మ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆయన సాయంత్రానికి వచ్చాడు. వస్తూనే వార్డు బయట కాపలావాడితో స్నేహం చేసుకుని, మెట్ల వెనక ఎవరూ పట్టించుకోని మూల ఒకటి ఉందని కనిపెట్టాడు.

మర్నాటి మర్నాటికి అక్క దిండ్లకు ఆనుకుని కూర్చోగలిగింది. మాట లేకపోయినా కళ్ళు అక్కవే. చెల్లెలి చెయ్యి పట్టుకుని, ముంజేతి మీద ఊరికే నిమురుతూ ఉంది. మంచం పక్కన కొడుకు. నర్సు సెలైను సరిచేస్తోంది. ఆయన మంచం చివర కాళ్ళవైపు స్టూలు మీద కూర్చున్నాడు. గదిలో అందరూ దిగులుగా ఉన్నారని ఆయనకు తోచింది. దిగులు ఆయన భరించలేడు. అందరి కోసమే మొదలుపెట్టాడు.

"వదినగారూ, మీ చెల్లెలు ఎంత పని చేసిందో తెలుసా? అంత పెద్ద విమానాశ్రయంలో నన్ను అనాథలా వదిలేసి వచ్చేసింది!"

అక్క కళ్ళలో నవ్వు మెదిలింది.

"అసలేమైందంటే, ఒక్క సిగరెట్టు కాల్చుకుందామని వెళ్ళానండీ. మొదటి గదేమో మూసేశారు. రెండోదేమో కాఫీ కొంటేనే అన్నాడు. మూడోది, చెబితే నమ్మరు, ఇక్కణ్ణుంచి మీ ఇంటంత దూరం! అక్కడ మంచి కాలక్షేపం. తీరా చూస్తే తలుపు తోసుకుని ఈవిడ! రెండు పెట్టెలూ ఈడ్చుకుంటూ, జుట్టు రేగిపోయి... పొగగదిలో అందరూ పోలీసు తనిఖీ అనుకుని సిగరెట్లు దాచేసుకున్నారు!"

కొడుకు పకపకా నవ్వాడు. నర్సు మొహం అటు తిప్పుకుని నవ్వింది. "బాబాయ్, మీ మూలంగానా విమానం పోయింది!" అన్నాడు కొడుకు.

"మరి? నా మూలంగానే! విమానానికేం, రాయిలా ఉంది, టైముకే పోయింది."

మైకమ్మ ముంజేతి మీద నిమురుతున్న వేళ్ళు ఆగిపోయాయి.

తలెత్తలేకపోయింది. అయినా ఎత్తింది. అక్క ఆయన వైపు చూడటం లేదు. ఆమెనే చూస్తోంది. కోపమైతే బాగుండేది. చదువు చెప్పేటప్పుడు, చెల్లెలు తప్పు పలికితే సరిదిద్దే ముందు ఒక క్షణం ఆగి చూసేది, అలా చూస్తోంది. సరిదిద్దడానికి ఇప్పుడు గొంతు లేదు. పెదాలు మాత్రం కదిలాయి. ఫోన్లో అడిగిన ఆ రెండు అక్షరాలే. చప్పుడు లేకపోయినా మైకమ్మకు స్పష్టంగా వినపడ్డాయి.

అక్క తన చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది.

వరండాలోకి వచ్చాక ఆయన వెనకే వచ్చాడు. "ఏమైందోయ్? అంతా నవ్వుతుంటే నువ్వెందుకలా లేచొచ్చావు?"

"ఆ సంగతి ఎందుకు చెప్పారు?"

"ఏముంది దాంట్లో? వదినగారు నవ్వారు కూడానూ. పాపం రెండు రోజుల్నుంచి మొహంలో..."

"నేను ఆవిడతో విమానం చెడిపోయిందని చెప్పాను. మీ మాట రానివ్వలేదు. తన మీద ఒట్టేయించుకుంది, ఒట్టేసి చెప్పాను. ఆవిడ నోటితో నన్ను అడిగిన ఆఖరి మాట అదీ. దానికి నేను చెప్పిన జవాబు అదీ."

ఆయన జేబులో సిగరెట్టు పెట్టె తడుముకున్నాడు. "నిన్నెవరు చెప్పమన్నారు అలాగని?" అన్నాడు చివరికి. "ఉన్నమాట చెబితే పోయేదిగా. నేనేమన్నా అనుకునేవాణ్ణా?"

 ఆయన అన్నది నిజమే కావడం ఆమెను ఇంకా కాల్చింది. ఎవరూ చెప్పమనలేదు. ముప్పయ్యేళ్ళకు పైగా ఎవరూ చెప్పమనలేదు.

"మీరు ఇంటికి వెళ్ళండి," అంది. "నేను ఇక్కడే ఉంటాను."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

ఆయన రెండు రోజులు చూసి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కాపలావాడూ నర్సులూ గుమ్మందాకా వచ్చి సాగనంపారు. అంత సరదా మనిషిని మళ్ళీ చూస్తామా అన్నారు.

అక్క మూడు వారాలకు ఇంటికి వచ్చింది. మైకమ్మే గొట్టం కడిగేది, మెడ దగ్గర తడి తుడిచేది, పల్చటి జావ పట్టేది. అక్క కాదనలేదు. తల దువ్వుతుంటే కదలకుండా కూర్చునేది. కానీ మునుపట్లా చెయ్యి పట్టుకునేది కాదు. మైకమ్మ ఎన్నోసార్లు చెప్పబోయింది, అదంతా ఎందుకు అలా జరిగిందో, ఎవరి కోసమో. చెప్పబోయిన ప్రతిసారీ అక్క అరచెయ్యి చూపించి ఆపేసేది.

తర్వాత అక్కకు చేతిలో పట్టుకునే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. దాన్ని గొంతుకు ఆనించి పెదాలు కదిపితే, మాట తుమ్మెద రొదలా బయటికొస్తుంది. ఎత్తూ పల్లమూ ఉండదు. ఎవరు మాట్లాడినా అదే గొంతు. రోజూ కిటికీ దగ్గర కూర్చుని సాధన చేసేది. గది అవతలి చివర నిలబడి వినేది చెల్లెలు. వినపడకపోతే వినపడలేదని చెప్పాలి, అంతే.

ఒక రోజు సాధన అయ్యాక అక్క యంత్రం పక్కన పెట్టబోయి, మళ్ళీ గొంతుకు ఆనించుకుంది.

"మరిదిగారు... బాగున్నారా?" అంది యంత్రం.

బాగానే ఉన్నారక్కా అనడానికి మైకమ్మ నోరు తెరిచింది. ఆ మాట నాలుక మీద సిద్ధంగా ఉంది, ఎప్పట్లాగే. దాన్ని మింగేసింది.

"తెలీదక్కా," అంది. "ఫోను చేస్తున్నారు. నేను తియ్యడం లేదు."

 ఇంకేమైనా అడుగుతుందేమోనని మైకమ్మ ఎదురుచూసింది. అక్క యంత్రం మీట నొక్కి ఆపేసి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది. మెడలోంచి ఊపిరి వస్తూ పోతూ ఉంది. మైకమ్మ లేచి, జావ వెచ్చపెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.